పేరు పలకలు పాడయ్యేది మట్టి దగ్గరే

సంపాదకుల వారికి,

అయ్యా,

మొక్కల పాదుల్లో గుచ్చే చెక్క పేరు పలకల గురించి మీ తోటపని పేజీలో వచ్చిన సూచన చదివాను. "మంచి వార్నిష్ ఏదైనా రెండు పూతలు వేస్తే ఏళ్ల తరబడి ఉంటాయి" అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఆ వాక్యంలో 'ఏదైనా' అన్నది ఒక పొరపాటు, 'రెండు' అన్నది ఇంకొకటి. అన్నిటికన్నా పెద్ద పొరపాటు పలక ముఖం గురించి ఆలోచించి పాదాన్ని మరిచిపోవడం. పుండొకచోట, మందొకచోట అన్నట్టుంది. పైన అద్దంలా మెరిసే పూత వేసినా పలక చివికేది మట్టిని తాకే చోటే. ఈ చిన్న వస్తువు మీద ఇంత పొడవు ఉత్తరమా అనుకోకండి. చిన్నది కాబట్టే దాని అంచులు, కొసలు మొత్తం మీద ఎక్కువ భాగం అవుతాయి. తలుపుకు సరిపోయే పూత దీనికి చాలదు.

ముందు ఎండ సంగతి. చెక్కలో నారపోగులను ఒకదానికొకటి అంటిపెట్టి ఉంచేది లిగ్నిన్ అనే పదార్థం. ఎండలోని అతినీలలోహిత కిరణాలు దాన్ని విరగ్గొడతాయి. ఆ కిరణాలు చెక్కలోకి పదో వంతు మిల్లీమీటరు కూడా దిగవు. కానీ పూత పట్టుకుని ఉండేది సరిగ్గా ఆ పొరనే. పూత గాజులా తేటగా ఉంటే కిరణాలు దాన్ని దాటుకుని వెళ్లి అడుగు పొరను పొడిపొడి చేస్తాయి. పూత చెక్కుచెదరదు, అది పట్టుకున్న చెక్కే ఉండదు. ఊడొచ్చిన వార్నిష్ రేకును తిరగేసి చూడండి. వెనక సన్నటి బూడిదరంగు నార అంటుకుని ఉంటే జరిగింది ఇదే. వార్నిష్ నాసిరకమని తిట్టుకుంటాం గానీ, చాలాసార్లు తప్పు దాని గట్టిదనంలో లేదు, ఎండను ఆపే మందు అందులో లేకపోవడంలో ఉంది.

తర్వాత నీళ్లు. చెక్క తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. 25 మిల్లీమీటర్ల వెడల్పున్న పలక నిండా తడిసి మళ్లీ పూర్తిగా ఎండితే వెడల్పులో ఒకటి నుంచి ఒకటిన్నర మిల్లీమీటరు దాకా తగ్గగలదు. పొడవులో మాత్రం తేడా కంటికి ఆనదు. అంటే పూత ఒకవైపు సాగుతూ, రెండోవైపు కదలకుండా ఉండాలి. ఇంట్లో బల్లల మీద గీతలు పడకుండా కాపాడే గట్టి పూతకు ఈ సాగే గుణం ఉండదు. ముందుగా పలక అంచు మీద వెంట్రుకంత పగులు వస్తుంది. నీళ్లు పోసినప్పుడు ఆ సందులోంచి తడి లోపలికి పోతుంది, బయటికి రావడానికి దారి ఉండదు. రెండు మూడు వారాల్లో పగులు పక్కన పూత కింద పాలలాంటి తెల్లటి మచ్చ కనిపిస్తుంది. పూత చెక్కను వదిలేసిందనడానికి అది గుర్తు. ఆ తర్వాత మచ్చ అంచున నల్లటి చుక్కలు, అంటే బూజు. ఈ దశకు వచ్చాక పైన ఇంకో పూత వేయడమంటే తడిగుడ్డను డబ్బాలో పెట్టి మూత బిగించడమే.

అందుకని ఏది వద్దో ముందు చెప్పి త్వరగా ముగిస్తాను. లక్కను స్పిరిట్‌లో కరిగించి చేసే ఫ్రెంచ్ పాలిష్ నీళ్లు తగిలితే తెల్లబడుతుంది. బయటికి అసలు పనికిరాదు. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లక్కర్ పెళుసు, ఎండకు పసుపెక్కి పగులుతుంది. మెలమైన్ పాలిష్ ఇంటి లోపలి సామానుకు. చేతికి నున్నగా తగలడానికి ముందు రుద్దే సాండింగ్ సీలర్‌ను బయట వేసే పూతకు అడుగున వాడటం మరీ తప్పు. సులువుగా అరగడానికి అందులో సబ్బులాంటి పొడి కలుపుతారు, పై పూత ఎంత మంచిదైనా ఆ మెత్తటి పొర దగ్గరే ఊడుతుంది. 'పాలీయురెథేన్' అన్న పేరు చూసి మోసపోకండి. లోపలి వాడకానికి చేసినది, బయటి వాడకానికి చేసినది రెండూ ఆ పేరుతోనే అమ్ముతారు. డబ్బా మీద బయటి వాడకానికి అనీ, యూవీ (అతినీలలోహిత కిరణాల) రక్షణ ఉందనీ స్పష్టంగా లేకపోతే లోపలిదే అనుకోవాలి.

వాడదగ్గవి మూడు. మొదటిది స్పార్ వార్నిష్, మెరైన్ వార్నిష్, యాట్ వార్నిష్ అనే పేర్లతో దొరికే నూనె వార్నిష్. స్పార్ అంటే ఓడ తెరచాపలను మోసే దూలం. గాలికి వంగే ఆ దూలంతో పాటు వంగాలని దీంట్లో రెసిన్ కన్నా నూనె పాలు ఎక్కువ పెడతారు. అందుకే ఇది మెత్తగా, సాగేలా ఆరుతుంది. గోరుతో గట్టిగా నొక్కితే సన్నటి గుర్తు పడుతుంది. అది లోపం కాదు, మనకు కావలసిన గుణమే. మంచి రకాల్లో అతినీలలోహిత కిరణాలను పీల్చుకునే మందుతో పాటు హెచ్‌ఏఎల్‌ఎస్ అనే స్థిరీకరణ మందు కూడా ఉంటుంది. మొదటిది కిరణాన్ని ఆపుతుంది, రెండోది తప్పించుకున్న కిరణం పూతలో మొదలుపెట్టే చెడును తుంచుతుంది. రెండూ ఉన్న డబ్బాకే నా ఓటు. దీని రంగు కాస్త తేనెరంగు. తెల్లటి చెక్కకు అది నచ్చనివాళ్లుంటారు.

వాళ్ల కోసం రెండోది, నీటి ఆధారిత అక్రిలిక్ ఎక్స్‌టీరియర్ వార్నిష్. పసుపెక్కదు, వాసన తక్కువ, రెండు మూడు గంటల్లో తదుపరి పూతకు సిద్ధం. కానీ పూత పలచన, కాబట్టి పూతల సంఖ్య పెంచాలి. రోజుల తరబడి తడిలో ఉంటే పాలలా మసకబారుతుంది, ఆరితే మళ్లీ తేటబడుతుంది. పాదు పైన నిలిచే పలకకు ఇది సరే. మట్టిలో దిగే భాగానికి వద్దు. ఇంకో మాట: ఇది వేసిన పలకలను మర్నాడే కట్టగా కట్టి దాచితే ఒకదానికొకటి అంటుకుపోతాయి. విడదీస్తే అచ్చంగా అక్షరాల దగ్గరే పూత చిరుగుతుంది. కనీసం వారం విడివిడిగా ఆరనివ్వాలి.

మూడోది గట్టిపరిచే ద్రావకం విడిగా కలిపి వాడే రెండు భాగాల పీయూ, అంటే పాలీయురెథేన్. అందులోనూ అలిఫాటిక్ రకమైతేనే ఎండకు పసుపెక్కదు. మన్నికలో ఇది ఎవరికీ తీసిపోదు. అయితే గట్టిపరిచే ద్రావకంలో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. స్ప్రే చేసేటప్పుడు ఆ తుంపర పీలిస్తే ఉబ్బసం పట్టుకునే ప్రమాదముంది, మామూలు గుడ్డ మాస్కు దాన్ని ఆపదు. కలిపినదాన్ని కొద్ది గంటల్లో వాడెయ్యాలి, మిగిలితే పారబోయడమే. పదుల సంఖ్యలో పేరు పలకల కోసం ఇంత తతంగం నా దృష్టిలో దండగ.

రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే రెసిన్, ఎపాక్సీ గురించి చాలామంది అడుగుతారు. నీటిని ఆపడంలో దానికి సాటి లేదు, ఎండను తట్టుకోవడంలో దానంత బలహీనమైనదీ లేదు. కొన్ని నెలల ఎండకే పసుపెక్కి, పైన సున్నపు పొడిలా రాలుతుంది. కాబట్టి అది పై పూత కాదు, అడుగు పూత. పలక కొసల్లోకి ఎక్కించి, పైన యూవీ ఉన్న వార్నిష్‌తో కప్పితే రెండింటి బలమూ కలిసొస్తుంది.

కొసలంటున్నది ఎందుకో వివరంగా చెప్పాలి, అసలు విషయమంతా ఇక్కడే ఉంది. చెక్క అంటే పక్కపక్కనే పేర్చి కట్టిన సన్నటి గొట్టాల మోపు. చెట్టు బతికున్నప్పుడు వేరు నుంచి ఆకుకు నీళ్లు మోసినవి ఆ గొట్టాలే. పలక ముఖం మీద మనకు కనిపించేది గొట్టాల పక్కగోడ. అడ్డంగా కోసిన కొస దగ్గర ఆ గొట్టాల నోళ్లన్నీ తెరుచుకుని ఉంటాయి. పక్కగోడ కన్నా పదింతలు, అంతకు మించి వేగంగా అక్కడ నీళ్లు లోపలికి పోతాయి. పేరు పలకలో ఆ నోళ్లను తీసుకెళ్లి తడిమట్టిలో దిగేస్తాం. దానికి తోడు గుచ్చడానికి వీలుగా మొన చెక్కుతాం. మొన చెక్కితే ఏటవాలు కోతలో ఇంకా ఎక్కువ నోళ్లు తెరుచుకుంటాయి.

కుళ్లు పట్టేది మాత్రం మొన దగ్గర కాదు, మట్టి మట్టానికి ఒకటి రెండు అంగుళాల పైనా కిందా. చెక్కను తినే శిలీంధ్రానికి తడీ కావాలి, గాలీ కావాలి. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉంటే అది పెరగదు, అందుకే పై భాగం బతుకుతుంది. బాగా లోతున తడి ఉన్నా గాలి తక్కువ. రెండూ పుష్కలంగా దొరికేది నేల మట్టం దగ్గరే. పాత పలకను లాగితే సరిగ్గా అక్కడే పుటుక్కున విరుగుతుంది, కింది మొన లోపలే గట్టిగా మిగిలి ఉంటుంది.

ఇప్పుడు ఆ పాదానికి వార్నిష్ పూస్తే ఏమవుతుంది? మట్టిలో గుచ్చేటప్పుడే ఇసుక రేణువులు పూతను గీరేస్తాయి. గీరిన ప్రతి గీత నీటికి వాకిలి. లోపలికెళ్లిన నీరు మిగతా పూత వల్ల బయటికి రాలేదు. ఒట్టి చెక్క అయితే ఎండినప్పుడల్లా కాస్త ఆరేది, పూత ఉన్న చెక్క ఆరదు. అరకొర పూత వేసిన పాదం ఏ పూతా లేని పాదం కన్నా ముందు కుళ్లడం అందుకే.

కాబట్టి నా సలహా సూటిగా ఇది: చెక్కను మట్టిలో దించకండి. 3 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు తీగనో, జింకు పూత ఉన్న ఇనుప తీగనో 25, 30 సెంటీమీటర్ల ముక్కలుగా కత్తిరించి కాలుగా వాడండి. పలక వెనక రెండు చిన్న స్టీలు మరలతో బిగించవచ్చు, లేదా పలక అడుగు నుంచి 30 మిల్లీమీటర్ల లోతు రంధ్రం వేసి తీగను ఎపాక్సీతో నిలబెట్టవచ్చు. రెండో పద్ధతి చూడ్డానికి బాగుంటుంది. తీగ చుట్టూ నిండిన ఎపాక్సీ ఆ రంధ్రాన్ని మూసేస్తుంది కూడా. పలక అడుగు మట్టికి 5 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే నీళ్లు పోసినప్పుడు చిమ్మే బురద తగలడం బాగా తగ్గుతుంది. పూత లేని ఇనుప మేకులు మాత్రం వద్దు. టేకులాంటి చెక్కలో ఉండే టానిన్ అనే వగరు పదార్థంతో కలిసి ఇనుము నల్లటి సిరా మరకలు పుట్టిస్తుంది. ఏ వార్నిషూ వాటిని దాచలేదు.

చెక్క పుల్లే గుచ్చాలని పట్టుపట్టేవాళ్లకు రెండు దారులు. చేవ ఉన్న టేకు ముక్కతో చేసి, పాదాన్ని పూత లేకుండానే వదిలి, చెడితే మార్చుకోవడం ఒకటి. పాలిపోయినట్టుండే చేవలేని భాగం ఏ చెట్టుదైనా మట్టిలో నిలవదని గుర్తుంచుకోవాలి. రెండోది పాదాన్ని మొత్తం ఎపాక్సీలో ముంచడం. మట్టిలో దిగే పొడవుకు పైన ఇంకో 3 సెంటీమీటర్ల దాకా ముంచాలి. దీంట్లో ఒక కిటుకుంది. పలకలను కాసేపు ఎండలో వెచ్చబెట్టి, నీడలోకి తెచ్చాక ముంచండి. చెక్క చల్లబడుతుంటే లోపలి గాలి ముడుచుకుని ఎపాక్సీని గొట్టాల్లోకి లాక్కుంటుంది. పొద్దున చల్లటి చెక్కకు పూసి ఎండలో పెడితే సరిగ్గా దీనికి వ్యతిరేకం జరుగుతుంది. లోపలి గాలి వ్యాకోచించి బుడగలు బుడగలుగా బయటికొస్తుంది, ఒక్కో బుడగ ఒక్కో సూదిబెజ్జం మిగులుస్తుంది. ఎపాక్సీ గట్టిపడ్డాక పైన మైనంలాంటి జిడ్డు పొర కనిపించవచ్చు. దాన్ని నీళ్లతో, గరుకు పీచుతో కడిగి ఆరబెట్టి, ఉప్పు కాగితంతో రుద్దాకే వార్నిష్ వేయాలి. లేకపోతే నూనె వార్నిష్ వారమైనా జిగటగానే ఉంటుంది. ఇలా ముంచిన పుల్లను కూడా నేరుగా మట్టిలో పొడవకండి, ముందు బొరిగతో సన్నటి సందు చేసి అందులో నిలబెట్టి చుట్టూ నొక్కండి.

ఇక పని వరస. పలక కత్తిరించడం, రంధ్రాలు వేయడం అన్నీ పూతకు ముందే అయిపోవాలి. తర్వాత వేసిన రంధ్రం లోపల గొట్టాల నోళ్లు ఒట్టిగా మిగిలిపోతాయి. అంచులన్నీ ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల గుండ్రం వచ్చేలా మొద్దుబార్చాలి. ద్రవం పదునైన అంచు మీద నిలవదు, పక్కకు జారి అక్కడ సగం మందం కూడా మిగలదు. వార్నిష్ పగుళ్లు ఎప్పుడూ అంచునే మొదలవడానికి ఇదొక పెద్ద కారణం. ఉప్పు కాగితం ముందు 120, తర్వాత 180 నంబరు. అక్కడితో ఆపండి. ఇంకా నున్నగా రుద్దితే బయటి పూతకు పట్టు తగ్గుతుంది. చెక్క పొడిగా, తేమ 12 నుంచి 15 శాతం మధ్య ఉండాలి. కొలిచే సాధనం లేకపోతే వారం పాటు గాలాడే నీడలో ఆరబెడితే ఇంత సన్నటి పలకకు చాలు. టేకు, రోజ్‌వుడ్ లాంటి నూనె చెక్కలైతే పూతకు ముందు గుడ్డను థిన్నర్‌లో తడిపి తుడిచి, అది ఆరగానే మొదటి పూత వేసేయాలి. వాటిలోని సహజ పదార్థాలు నూనె వార్నిష్‌ను ఆరనివ్వవు. ఆలస్యం చేస్తే అవి మళ్లీ పైకి వస్తాయి.

మొదటి పూత పలచన: వార్నిష్ రెండు పాళ్లు, మినరల్ టర్పెంటైన్ ఒక పాలు. కొసలకు ఇదే ద్రవాన్ని పది నిమిషాలకోసారి, చెక్క తాగడం మానేదాకా పెడుతూ ఉండాలి. మూడు నాలుగు సార్లు పడుతుంది. మర్నాడు 240 నంబరు కాగితంతో తేలిగ్గా రుద్దితే లేచి నిలబడ్డ నార తెగిపోతుంది. పేరు రాయవలసింది ఇప్పుడు. ఒట్టి చెక్క మీద సిరాతో రాస్తే గొట్టాల వెంట పాకి అక్షరాలకు మీసాలొస్తాయి. ఒక పూత పడ్డాక రాస్తే గీత గీతలా నిలుస్తుంది.

రాసే సాధనం గురించి ఒక్క మాట చెప్పకపోతే పూత గురించి చెప్పిందంతా వృథా. 'పర్మనెంట్' అని రాసి ఉండే మామూలు మార్కర్లలో చాలావాటిలో ఉండేది రంగుద్రావణం. అది నీటికి చెరగదు గానీ ఎండకు వెలుస్తుంది, ముందు ఎరుపు, ఊదా వంటివి, చివరికి నలుపు కూడా. పైగా వార్నిష్‌లోని ద్రావకం తగలగానే కొన్ని కరిగి కుంచె వెంట సాగుతాయి. వాటికి బదులు రంగుపొడితో చేసిన నూనె పెయింట్ మార్కర్ వాడండి. కార్బన్ నలుపు ఎండకు వెలవదు. మెత్తటి పెన్సిల్ గీత కూడా అంతే, అది గ్రాఫైట్. కాల్చి రాసే అక్షరాలు లోతుగా ఉంటే మంచివే. పైపైన కాలిస్తే చుట్టూ చెక్క రంగు మారేకొద్దీ మసకబారతాయి. ఏ సాధనమైనా ముందు ఒక పనికిరాని ముక్క మీద రాసి, ఒక రోజు ఆరనిచ్చి, పైన వార్నిష్ పూసి చూడండి. పలక మీద వేసేటప్పుడు అక్షరాలపై కుంచెను ఒకేసారి తేలిగ్గా నడిపించి వదిలేయాలి. వెనక్కి ముందుకీ రుద్దితే మంచి సిరా కూడా చెదురుతుంది.

రాత ఆరాక పలచన చేయని వార్నిష్ నాలుగు పూతలు. ఒక్కో పూతకు మధ్య 24 గంటలు, 240 లేదా 320 నంబరుతో మెరుపు పోయేదాకా తేలిగ్గా రుద్దడం, ధూళి తుడవడం. అక్షరాల మీద మాత్రం మొదటి రెండు పూతలయ్యేదాకా కాగితం పెట్టకండి. కుంచెతో వేసిన ఒక పూత ఆరాక సుమారు 35, 40 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం మిగులుతుంది. నాలుగైతే 140కి పైన. ఎండను ఆపే మందు పూత మందాన్ని బట్టే పనిచేస్తుంది కాబట్టి రెండు పూతలతో సరిపెట్టడం సగం గొడుగు పట్టుకోవడం లాంటిది. డబ్బాలోంచి స్ప్రే చేసే పలచటి అక్రిలిక్ క్లియర్ ఒక్కో విసురుకు కుంచె పూతంత మందం రాదు. రాతను కదలకుండా పట్టి ఉంచడానికి అది భేష్, మన్నిక కోసం అదొక్కటే అంటే కుదరదు.

ఎంత కొనాలో లెక్క వేసుకోవచ్చు. 150 మిల్లీమీటర్ల పొడవు, 25 వెడల్పు, 5 మందం ఉన్న పలకకు ఆరు ముఖాలూ కలిపి 92 చదరపు సెంటీమీటర్లు. యాభై పలకలకు అర చదరపు మీటరు కన్నా కాస్త తక్కువ. లీటరు వార్నిష్ ఒక పూతకు సుమారు 12 చదరపు మీటర్లు వస్తుంది కాబట్టి పూతకు 40 మిల్లీలీటర్లు. అయిదు పూతలకు 200, కుంచెకు అంటేది, కొసలు తాగేది కలిపితే పావు లీటరు. అంతకన్నా పెద్ద డబ్బా కొంటే మిగిలినది మూత కింద తోలు కట్టి పాడవుతుంది.

యాభై పలకలకు కుంచె పట్టుకుని కూర్చోవడం విసుగనిపిస్తే ముంచి తీయవచ్చు. పొడవాటి సన్నటి గ్లాసులో వార్నిష్ నింపి, పది శాతం టర్పెంటైన్ కలిపి, పలకను ముంచి మెల్లగా, ఒకే వేగంతో పైకి లాగాలి. గబుక్కున లాగితే మందంగా పట్టి కిందికి కారుతుంది. తీగకు వేలాడదీశాక అడుగు అంచున చుక్క నిలుస్తుంది. పది నిమిషాలకు ఆ చుక్కను కుంచె కొసతో తీసేయాలి, లేకపోతే అది పైన తోలు కట్టి లోపల రోజుల తరబడి పచ్చిగా ఉంటుంది. ముంచడానికి గ్లాసు నిండా పోయాలి కాబట్టి పై లెక్కకు మించి వార్నిష్ కావాలి. వాడిన దాన్ని తిరిగి అసలు డబ్బాలో పోయకండి, చెక్కపొడి కలిసిపోతుంది.

పూత వేసేటప్పుడు దొర్లే తప్పుల్లో ఎక్కువ భాగం తొందరపాటే. డబ్బాను ఆడించి కలిపితే బుడగలు. పుల్లతో అడుగు దాకా నిదానంగా కలపాలి. మండుటెండలో వేస్తే పైన తోలు కట్టి లోపల పచ్చి. వాన ముసురులో, గాలి చెమ్మగా ఉన్నప్పుడు వేస్తే ఆరడం సాగుతుంది, మెరుపు పోతుంది. మెరుపు వద్దు, మ్యాట్ కావాలి అనేవాళ్లు చివరి పూత ఒక్కటే మ్యాట్ వేసుకోండి. మెరుపును చంపడానికి కలిపే పొడి తేటదనాన్ని తగ్గిస్తుంది, అయిదు పూతలూ అదే వేస్తే అక్షరాలు మంచులోంచి చూసినట్టుంటాయి. చివరి పూత తర్వాత వారం, వీలైతే పది రోజులు ఆగి తోటలో పెట్టండి. ఆరడం వేరు, పూర్తిగా గట్టిపడటం వేరు.

ఏ డబ్బా మంచిదో ప్రకటన చూసి తేల్చుకోనక్కర్లేదు, ఇంట్లోనే తెలుస్తుంది. ఒకే చెక్క నుంచి కోసిన ముక్కలకు వేర్వేరు పూతలు వేసి, ఒక ముక్క ఒట్టిగా ఉంచి, అన్నీ గ్రాముల తూకంలో తూచి రాసుకోండి. 24 గంటలు నీళ్లలో ముంచి, పైతడి తుడిచి మళ్లీ తూచండి. ఎవరి బరువు ఎంత పెరిగిందో అంత నీళ్లు తాగినట్టు. తర్వాత ఒక రోజు ఎండ. ఇలా పది సార్లు తిప్పితే పెళుసు పూత అంచున పగుళ్లతో తన సంగతి తానే చెబుతుంది. ఎండకు వెలవడం, పసుపెక్కడం మాత్రం ఇందులో తేలవు, వాటికి నెలలు పడతాయి.

నూనె, మైనం సంగతి కూడా కొందరు అడుగుతారు. అవిసె నూనె పూత సహజమే, చూడ్డానికీ అందమే. కానీ బూజుకు అది తిండి. తడి చోట నల్లబడుతుంది. టంగ్ నూనె కొంచెం మేలు. రెండూ ఏటా, కొన్నిచోట్ల ఏడాదికి రెండుసార్లు పెట్టాల్సిందే. తేనెమైనం, పారాఫిన్ నీటిని ఆపుతాయి, ఎండను కాదు. పైగా మైనం తగిలిన చోట వార్నిష్ అంటదు. వాడేసిన ఇంజిన్ నూనె పూసే అలవాటు మాత్రం మానండి. దాని నిండా అరిగిన లోహాల పొడి, కాలిన మసి ఉంటాయి, అవి పోయేది మీరు పెంచే కూరగాయల మట్టిలోకే. చెదకు, కుళ్లుకు మంచిదని బోరాక్స్ ద్రావణంలో నానబెట్టడమూ ఇక్కడ నప్పదు. వానకు కరిగి మట్టిలోకి దిగుతుంది, బోరాన్ మోతాదు మించితే మొక్కల ఆకుల అంచులు మాడతాయి.

తేట పూతే కావాలన్న పట్టుదల లేకపోతే ఇంకో మాట కూడా చెప్పాలి. ఎండను పూర్తిగా ఆపేది రంగుపొడే. మందపు తెల్ల ఎక్స్‌టీరియర్ పెయింట్ మీద నల్ల పెయింట్ మార్కర్‌తో రాసిన పలక ఎంత ఖరీదైన తేట వార్నిష్ కన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది. చెక్క అందం కనబడాలన్న కోరికకు కట్టే సుంకమే ఈ అయిదు పూతలూ.

ఆ సుంకం ఒక్కసారితో తీరదు. మెరుపు తగ్గడం మొదలవగానే, పగులు రాకముందే, పలకను తీసి సబ్బునీళ్లతో కడిగి, రెండు రోజులు ఆరబెట్టి, 240తో రుద్ది రెండు పూతలు వేస్తే మళ్లీ కొత్తదే. నీళ్లు చల్లినప్పుడు పూత మీద ముత్యాల్లా నిలుస్తున్నాయా అని చూడటం కన్నా, ఆరాక ఏ అంచున ముదురు మరక మిగిలిందో చూడండి. మరక ఉన్నచోట పగులుంది. తెల్ల మచ్చలు, నల్ల చుక్కలు వచ్చేసిన పలకను బాగుచేయాలంటే పూతంతా గీకి ఒట్టి చెక్కదాకా వెళ్లాలి. ఇంత చిన్న పలకకు అది గిట్టదు, కొత్తది చేసుకోవడమే నయం. దాని స్టీలు కాలు మాత్రం పారేయకండి.

చివరగా ఒక హెచ్చరిక. మీ పేజీలో వచ్చిన సూచనలో ఇది లేదు, ఉండి తీరాలి. నూనె వార్నిష్, అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకూడదు. ఆ నూనె గాలిలోని ప్రాణవాయువును పీల్చుకుంటూ ఆరుతుంది, ఆరేటప్పుడు వేడి పుడుతుంది. గుడ్డ ఉండలా ఉంటే ఆ వేడి బయటికి పోక, అగ్గిపుల్ల గీయకుండానే కొన్ని గంటల్లో అంటుకోగలదు. విడివిడిగా పరిచి ఆరుబయట గట్టిగా ఎండేదాకా ఉంచండి, లేదా నీళ్లు నిండిన ఇనుప డబ్బాలో ముంచి మూతపెట్టండి.

ఇట్లు,
చెక్కపని, రంగుల పని తెలిసిన ఒక పాఠకుడు